పది నెలల పంటినొప్పి

నా నోట్లో ముప్పై రెండు పళ్ళున్నాయి. ఒక్కటీ పుచ్చలేదు, ఒక్కటీ కదలదు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఈ కథ సగం నడిచేదాకా మా అక్క తప్ప నాకు తెలిసినవాళ్ళందరూ నాది పంటినొప్పి అనే నమ్ముతారు. నమ్మించింది నేనే కాబట్టి వాళ్ళని అనడానికేం లేదు.

నేను ఊదే వాద్యాలు బాగుచేస్తాను. ట్రంపెట్, క్లారినెట్, ట్రాంబోన్, ట్యూబా, ఏదైనా సరే. ఇత్తడికి సొట్ట పడినా, మీట కింద మెత్త అరిగినా, వాల్వు బిగుసుకుపోయినా చివరికి నా బల్ల మీదికే రావాలి. కొట్టు ఇరుకు. ముందు అద్దాల తలుపు, లోపల పొడవాటి బల్ల, గోడకి వేలాడుతూ గొట్టాలు, మూల ఒక నీళ్ళ తొట్టి. బల్ల చివర నా సొంత కార్నెట్ ఉంటుంది. కార్నెట్ అంటే ట్రంపెట్‌కి పొట్టి తమ్ముడు. పొద్దున కొట్టు తెరవగానే దాన్ని పది నిమిషాలు వాయించి, పక్కకొట్టు దర్జీ చేత తిట్లు తిని, అప్పుడు పని మొదలుపెట్టడం నా అలవాటు.

మా కొట్టులో ఒక పద్ధతి ఉంది. మా గురువుగారు పెట్టింది. బాగుచేసిన వాద్యాన్ని ముందు మెకానిక్ నోట పెట్టుకుని ఒక స్వరం ఊదాలి. తర్వాత సొంతదారు దాన్ని అందుకుని అదే స్వరం తిరిగి ఊదాలి. రెండూ ఒకేలా పలికితేనే వాద్యం గడప దాటుతుంది. గురువుగారు పోయాక కొట్టూ, పనిముట్లూ, ఈ పద్ధతీ నాకు వచ్చాయి. ఈ పంటినొప్పి మొదలయ్యేదాకా, ఇరవై ఏళ్ళలో ఒక్క వాద్యం కూడా నా ఊపిరి తగలకుండా బయటికి పోలేదు.

నా గిరాకీలో పెద్దది అగ్నిమాపక దళం వాళ్ళ బ్యాండు. మంటలు లేనప్పుడు వాళ్ళు వాయిస్తారు. గంట మోగిందంటే వాద్యాలు ఎక్కడివక్కడ పడేసి పరిగెడతారు. వాటికి అన్ని సొట్టలు ఉండటానికి కారణం అదే. ఆ బ్యాండుమాస్టారు పొట్టిమనిషి, గొంతు మాత్రం నిలువెత్తు. ఆయన కూడా కార్నెటే వాయిస్తాడు. నేను ఊది ఇచ్చిన వాద్యాన్ని అందుకోగానే చొక్కా ఎడమచేతి కఫ్ మీద, నోట పెట్టుకునే మౌత్‌పీస్‌ని రెండుసార్లు తుడిచి, మొహం చిట్లించి, "మళ్ళీ ఉల్లిపాయ తిన్నావురా" అంటాడు. నేను ఏం తిన్నా ఆ మాటే, పెరుగన్నం తిన్నా ఆ మాటే. ఆ తర్వాతే ఊదుతాడు. ఇరవై ఏళ్ళుగా ఆ కఫ్ మారలేదు, ఆ మాటా మారలేదు.

పది నెలల కిందట నాకు జ్వరం పట్టుకుని వదల్లేదు. ఆ పరీక్షా ఈ పరీక్షా చేసి హెచ్‌ఐవి ఉందని తేల్చారు. ఎలా వచ్చిందని కొందరికి అడగాలనిపిస్తుంది. వాళ్ళకి నేను జవాబు చెప్పను. ఉంది, మాత్ర వేసుకుంటున్నాను, రోజుకి ఒకటి. ఆరో నెలకల్లా రక్తంలో వైరస్ కనిపించనంతగా అణిగిపోయిందని, అలాగే వేసుకుంటూ పోతే నావల్ల ఎవరికీ ఏ బెడదా ఉండదని ఆస్పత్రిలో చెప్పారు. ఉమ్ముతో, ఊపిరితో ఇది అసలే అంటుకోదని మొదటిరోజే చెప్పారు. నేను విన్నాను, అర్థం చేసుకున్నాను, పుస్తకంలో కూడా చదివాను. అదంతా చదివి, ఆ మొదటి వారంలోనే కొట్టుకొచ్చి, ఎవరిదో ట్రంపెట్ చేతిలోకి తీసుకుని, నోటి దాకా తెచ్చి, దింపేశాను.

మళ్ళీ ఎత్తాను, మళ్ళీ దింపాను. ఎదురుగా ట్రంపెట్ సొంతదారు నిలబడి చూస్తున్నాడు. ఆ క్షణంలో నా నోట్లోంచి వచ్చిన మాట, "పన్ను నొప్పిగా ఉందండీ, మీరే కానివ్వండి." అంతే. ఒక అబద్ధం ఆడితే దాన్ని మేపాలి కదా, పది నెలలు మేపాను.

ఇంట్లో కూడా నా తెలివి ఇలాగే ఏడ్చింది. నేను మా అక్క ఇంట్లో ఉంటాను. తనకి అన్నీ తెలుసు. నా గ్లాసు వేరుగా ఉండాలని దానికి ఎర్రదారం కట్టాను. అక్క చూసింది. మర్నాడు చూస్తే ఇంట్లో ఉన్న ప్రతి గ్లాసుకీ ఎర్రదారం ఉంది, పళ్ళు తోముకునే మగ్గుకి కూడా. నాది ఏదో నాకే తెలియకుండా పోయింది. అక్క గెలిచింది, నేను ఊరుకున్నాను. కానీ కొట్టులో వాద్యాలకి దారాలు కట్టే అక్క లేదు.

ఊదకుండా పని నడపడానికి నేను పడ్డ పాట్లు చెప్తే నవ్వుతారు. నవ్వండి. సైకిల్ పంపుకి రబ్బరు గొట్టం తగిలించి ట్రంపెట్‌లోకి గాలి కొట్టాను. గాలి వెళ్ళింది, చప్పుడు రాలేదు. పెదాలు అదిరితేనే ఇత్తడి పలుకుతుందని ఇరవై ఏళ్ళుగా నేర్చుకున్నవాణ్ణి నేనే. అప్పుడు పంపు చివర బెలూన్ మూతి కట్టాను. ఈసారి చప్పుడు వచ్చింది. దర్జీ పరిగెత్తుకొచ్చి లోపల మేకని ఎందుకు కట్టేశావని అడిగాడు. చివరికి చీకటి చేసి, గొట్టంలోకి చిన్న బల్బు దింపి, ఎక్కడ వెలుగు కారితే అక్కడ గాలి కూడా కారుతుందని లెక్కేసి సరిచేయడం మొదలుపెట్టాను. క్లారినెట్లకి ఇది మంచి పద్ధతే. కానీ బల్బుకి చెవుల్లేవు.

నా కార్నెట్ బల్ల చివర పెట్టెలోకి వెళ్ళిపోయింది. అది నాది, దాన్ని నేను తప్ప ఎవరూ ముట్టుకోరు, అయినా ఊదలేకపోయాను. పొద్దున పది నిమిషాలు ఏం చేయాలో తెలియక బల్ల తుడిచేవాణ్ణి. తిట్టడానికి ఏమీ లేక దర్జీకి కూడా తోచలేదు.

పంటినొప్పి మాత్రం దినదినాభివృద్ధి చెందింది. బ్యాండులో ఒకడు లవంగాలు తెచ్చాడు, ఇంకొకడు ఉప్పునీళ్ళన్నాడు. ట్యూబా వాయించే సన్నటి పొడుగాటివాణ్ణి వాళ్ళు నిచ్చెన అంటారు. ఆ నిచ్చెన వాళ్ళ అత్తగారి దగ్గరనుంచి ఏదో పసరు పట్టుకొచ్చాడు. అది పూసుకుంటే రెండు రోజులు నాలుక మొద్దుబారింది. వాళ్ళు దయగా చూసినకొద్దీ నాకు సిగ్గేసేది. వాళ్ళ రిహార్సలుకి వెళ్ళడం మానేశాను. అడిగితే దవడ పట్టుకునేవాణ్ణి.

ఆస్పత్రిలో మూడు నెలలకోసారి ఒక కాగితం నింపాలి. కౌన్సెలరమ్మ చదువుతుంది, నేను జవాబు చెప్తాను. మెట్లు ఎక్కగలరా, సొంతంగా స్నానం చేయగలరా, బరువులు ఎత్తగలరా, బజారుకి వెళ్ళి రాగలరా. నాకు అన్నిట్లోనూ పూర్తి మార్కులు. ట్యూబా పదికిలోలు ఉంటుంది, దాన్ని ఒంటిచేత్తో ఎత్తుతానని కూడా గొప్పలు పోయాను. ఆవిడ కలం ఆపి, "ఈ లిస్టులో లేని పని ఏదైనా, ఇదివరకు రోజూ చేసేది, ఇప్పుడు చేయలేకపోతున్నారా?" అంది. కాగితం చివర ఒక ఖాళీ గీత ఉంది. లేదండీ అన్నాను. ఆవిడ గీతని ఖాళీగానే వదిలేసి, పైసారి మళ్ళీ అడుగుతానంది. బయటికి వచ్చాక నామీద నాకే ఒళ్ళు మండింది.

ఇక ట్యూబా సంగతి. అగ్నిమాపక దళానికి కొత్త బండి వచ్చింది. దాన్ని పెద్దాఫీసరు ముందు ఊరేగించే రోజుకి నిచ్చెన ట్యూబా సిద్ధం చేయాలి. సొట్టలు తీశాను. లోపలి గొట్టం శుభ్రం చేయడానికి తాడుకి గుడ్డ కట్టి లాగుతున్నాను. సరిగ్గా తొమ్మిదికి అక్క ఫోన్ చేసింది. మాత్ర వేసుకున్నావా అని రోజూ తొమ్మిదికి అడుగుతుంది, వేసుకున్నానని రోజూ చెప్తాను. చెప్పి వచ్చి తాడు లాగాను. తాడు వచ్చింది. గుడ్డ రాలేదు. నేను చూసుకోలేదు. బల్బు వేసి చూడటానికి ట్యూబా మెలికలు ఒప్పుకోవు. ఒక్కసారి నోట పెట్టుకుని ఊది ఉంటే ఆ క్షణమే తెలిసిపోయేది. నిచ్చెన ఊరేగింపు ముందురోజు దానికోసం వచ్చినప్పుడే సైరన్ మోగింది, అతనూ ఊదకుండానే హడావిడిగా భుజాన వేసుకుపోయాడు.

ఊరేగింపు రోజు నేను జనంలో నిలబడ్డాను. కొత్త బండి ఎర్రగా మెరుస్తోంది. మాస్టారు చెయ్యెత్తాడు, బ్యాండు అందుకుంది. అందరూ పలికారు, ట్యూబా మాత్రం పలకలేదు. నిచ్చెన బుగ్గలు ఉబ్బాయి, మెడనరాలు తేలాయి, మొహం బండి రంగుకి వచ్చింది. ట్యూబాలోంచి మాత్రం అన్నం ఎక్కువై ఆయాసపడుతున్నవాడి నిట్టూర్పు లాంటిది వచ్చింది. పిల్లలు పడిపడి నవ్వారు. మాస్టారు ఉన్నపళంగా నడక ఆపించి, ట్యూబా గొట్టాన్ని ఊడదీసి, రెండు వేళ్ళతో లోపలినుంచి నీలిగళ్ళ గుడ్డని లాగాడు. ఆ గుడ్డ రోజూ నా భుజం మీద ఉండేదని బ్యాండంతటికీ తెలుసు. అందరూ జనంలో నాకోసం వెతికారు. దాక్కోవడానికి నాకు చోటు దొరకలేదు.

మాస్టారు నన్ను తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. ఆయన నా దగ్గరికి వచ్చి, గుడ్డ నా భుజాన వేసి, మెల్లిగా అన్నాడు.

"ఆ పన్ను నిన్ను మనిషిలో లేకుండా చేస్తోందిరా. రేపు మా కోడలి దగ్గరికి పోదాం పద."

ఆయన కోడలు పళ్ళ డాక్టరు. ఊళ్ళో మంటలకి భయపడని మాస్టారు ఆవిడ ముందు మాత్రం చేతులు కట్టుకుంటాడు, చిన్నప్పటినుంచీ పళ్ళు సరిగా తోమలేదన్న అపరాధభావం ఉంది కాబట్టి. మర్నాడు నన్ను మణికట్టు పట్టుకుని తీసుకెళ్ళి బయట కుర్చీలో కూర్చున్నాడు. లోపల ముందుగా ఒక కాగితం ఇచ్చారు. ఇతర జబ్బులేమైనా ఉన్నాయా, మందులేమైనా వాడుతున్నారా అని అందులో అడిగారు. అబద్ధం రాయడానికి చెయ్యి రాలేదు. రాసేశాను.

కోడలమ్మ కాగితం చదివింది, అందరికీ తొడుక్కునే గ్లవుజులే తొడుక్కుంది, అద్దం పెట్టి నా నోరంతా తిప్పి చూసింది. ఇంత మంచి పళ్ళున్నవాళ్ళు మామూలుగా తన దగ్గరికి రారని, నొప్పి ఎక్కడో తనకి కనపడటం లేదని చెప్పింది. నోరు తెరిచి ఉన్నప్పుడు అబద్ధం ఆడటం కష్టం. మూసుకోగానే మొత్తం చెప్పేశాను, ట్రంపెట్ నుంచి ట్యూబా దాకా, మేక చప్పుడుతో సహా. ఆవిడ మేక దగ్గర నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళొచ్చాయి, తుడుచుకోవడానికి దూది ఇచ్చింది.

"ఊదితే ఎవరికీ ఏమీ అంటుకోదు. అది మీకు తెలుసుగా?" అంది.

"నాకు తెలుసమ్మా. నా పెదాలకి తెలీదు."

ఆవిడ గ్లవుజులు తీసేసింది. మామయ్యగారికి తనేమీ చెప్పనని, చెప్పాలో వద్దో పూర్తిగా నా ఇష్టమని అంది. చెప్పకపోతే మాత్రం ఇంకో డాక్టర్ని వెతుకుతాడని, ఆ డాక్టరు ఏదో ఒకటి పీకకుండా వదలడని కూడా అంది.

బయట మాస్టారు చేతిలో ఐసుముక్కల సంచి పట్టుకుని లేచి నిలబడ్డాడు. ఎన్ని పీకిందన్నాడు. ఒక్కటీ పీకలేదన్నాను. బస్‌స్టాపు దాకా నడిచాం. బెంచీ మీద కూర్చున్నాక, ఆ ఐసు సంచి చూస్తూ, నాకు హెచ్‌ఐవి ఉందని, పంటినొప్పి ఏ రోజూ లేదని, పది నెలలుగా ఒక్క వాద్యం కూడా ఊదలేదని చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఇరవై ఏళ్ళ స్నేహం ఆ బెంచీ మీద పెట్టేశాను, ఇక ఆయన ఉంచుకుంటాడా వదిలేస్తాడా అని చూడటమే మిగిలింది.

మాస్టారు ఐసు సంచిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"మందులు వేసుకుంటున్నావా?"

"రోజూ."

"ఎన్ని?"

"ఒకటి."

"నేను బీపీకీ షుగరుకీ కలిపి నాలుగు వేసుకుంటాను," అన్నాడు ఆయన, పందెం గెలిచినవాడిలా. ఆ తర్వాత మొహం గంభీరంగా మారింది. "పది నెలలు. నా బ్యాండు మొత్తం పది నెలలు." బస్సు వచ్చింది. ఐసు సంచి నా ఒళ్ళో పెట్టేసి ఎక్కి వెళ్ళిపోయాడు, వెనక్కి చూడలేదు.

మూడు రోజులు ఆయన రాలేదు, ఫోనూ లేదు. బ్యాండులో ఎవరూ రాలేదు. రోజూ ఎవడో ఒకడు ఏదో ఒక మీట వంగిందని వచ్చేవాళ్ళు, ఆ మూడు రోజులూ కొట్టు వైపు బ్యాండువాళ్ళ ఎర్రచొక్కా ఒక్కటీ కనిపించలేదు. అయిపోయిందనుకున్నాను. ఆయన తన బ్యాండుకి చెప్పేశాడు, వాళ్ళు తమ వాద్యాల్ని ఇంకో మెకానిక్‌కి అప్పగించేశారు, లేదా పొయ్యిలో పడేశారు అని ఊహించుకున్నాను. నేను ఊదని వాద్యాలకి భయపడతారేమిటన్న ఆలోచన కూడా తట్టలేదు, భయానికి లెక్కలు రావు. నాలుగో రోజు పొద్దున అన్నం సహించక అలాగే కొట్టుకి వెళ్ళాను. అక్క గడపలో నిలబడి, ఆయనకి కాస్త టైమివ్వరా అంది.

పదిన్నరకి కొట్టు ముందు అగ్నిమాపక దళం వ్యాను ఆగింది. దర్జీ తన బట్టలకి నిప్పంటుకుందేమోనని బయటికి ఉరికాడు. వ్యాన్లోంచి మాస్టారు దిగాడు, వెనక నిచ్చెన దిగాడు, ఆ వెనక వాద్యాల పెట్టెలు ఒక్కొక్కటే దిగాయి. మొత్తం తొమ్మిది. అన్నీ ఈ పది నెలల్లో నా బల్ల మీదినుంచి పోయినవే. డ్యూటీలు మారుతూ తలోచోటా ఉన్నవాళ్ళని పట్టుకుని వాటిని పోగేయడానికి మూడు రోజులు పట్టిందట.

మాస్టారు నిచ్చెనని వ్యాను దగ్గరే ఆపి, తలుపు వేసి లోపలికి వచ్చాడు. వచ్చీ రాగానే గొంతు ఎత్తాడు. కోపం నిజమైనదే. అది నా జబ్బు మీద కాదు. పది నెలలుగా తన బ్యాండు మెకానిక్ ఊదని వాద్యాలతో వాయించిందని, మూడో క్లారినెట్టు ఎందుకు కీచుమంటోందో తెలియక ఆ కుర్రాణ్ణి అన్యాయంగా తిట్టానని, మా గురువుగారు బతికి ఉంటే ఇద్దర్నీ నీళ్ళ తొట్టిలో ముంచేవాడని కేకలేశాడు. బ్యాండులో అందరికీ పన్ను బాగైందని మాత్రమే చెప్పాడట. మిగతాది చెప్పాలనుకుంటే నేనే చెప్పుకోవాలన్నాడు. అని, నా బల్ల మీద తన సొంత కార్నెట్ పెట్టాడు.

"ముందు ఇది."

"దీనికేమీ కాలేదుగా మాస్టారూ."

"వాల్వులకి నూనె వెయ్యి."

వేశాను. మూడు వాల్వులకి నూనె వేయడానికి ఎంతసేపు సాగదీయొచ్చో అంతసేపు సాగదీశాను. మౌత్‌పీస్‌ని స్పిరిట్‌తో తుడిచాను. మళ్ళీ తుడిచాను. మూడోసారి దూది తీస్తుంటే ఆయన సీసా లాక్కుని మూత పెట్టేశాడు.

కార్నెట్ ఎత్తాను. చల్లటి ఇత్తడి పెదాలకి తగిలింది. నాకు భయం వేసింది, అబద్ధం చెప్పను, ఆస్పత్రిలో పరీక్ష ఫలితం అందుకున్నరోజు వేసినంత భయం వేసింది. మాస్టారు కదలకుండా నిలబడ్డాడు. ఊదాను.

పది నెలలు పనిలేని పెదాలు. స్వరం సగంలో విరిగి, జారి, ఎటో పోయింది. పక్కకొట్లో కుట్టుమిషను ఆగింది. గోడకి అవతలినుంచి దర్జీ తిట్టాడు, పది నెలల బాకీ అంతా కలిపి తిట్టాడు. నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే పెదాలు బిగించి మళ్ళీ ఊదాను. ఈసారి స్వరం నిలబడింది. సన్నగానే, కానీ నిలబడింది. గది అంతా నిండేదాకా వదల్లేదు.

కార్నెట్ ఆయనకి అందించాను. అప్పుడు నాకు అసలు భయం మొదలైంది. ఇప్పుడు ఏం చేస్తాడో చూడాలి. దూదికోసం సీసా వైపు చెయ్యి చాస్తాడా, చాస్తే నేను తట్టుకోలేను. లేక నాకోసం ధైర్యం తెచ్చుకుని, అసలు తుడవకుండా నోట పెట్టుకుంటాడా, అలా జాలి చూపించినా తట్టుకోలేను. రెంటిలో ఏది జరిగినా నేను ఇక పాత మనిషిని కానని తేలిపోతుంది. ఆయన చేతులకేసే చూస్తూ నిలబడ్డాను.

మాస్టారు మౌత్‌పీస్‌ని ఎడమచేతి కఫ్ మీద తుడిచాడు. రెండుసార్లు. తక్కువా కాదు, ఎక్కువా కాదు. మొహం చిట్లించాడు.

"మళ్ళీ ఉల్లిపాయ తిన్నావురా," అని, నేను ఊదిన స్వరాన్నే తిరిగి ఊదాడు.

పొద్దుటినుంచీ మాత్రా, మంచినీళ్ళూ తప్ప నేనేమీ ముట్టలేదు. ఆ మాట ఆయనకి చెప్పలేదు. తిన్నానని ఒప్పుకుని, తలుపు తీసి, ట్యూబా పట్టుకురమ్మని నిచ్చెనని పిలిచాను.